జబ్బు లేనినాటి మందు

(ఉగాది ఉత్సవ సభలో మహిళా విభాగము తరపున చదివిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మనమందరము ఉగాది పచ్చడి తిన్నాము. వేపపువ్వు నాలుకకు తగలగానే పిల్లలు మొగము చిట్లిస్తే, "ఏడాదికి ఒక్కరోజే గదా, మింగెయ్యి" అని బుజ్జగించాము. అదే చేదును, ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా, రోజూ అయిదేండ్లు తినమంటే మనలో ఎందరము తింటాము? నేడు మేము మనవి చేయదలచినది ఈ ప్రశ్ననే.

మన పెద్దలు రాచపుండు అన్న కాన్సరులలో, స్త్రీలకు వచ్చే రొమ్ము కాన్సరును కొంతవరకు రాకుండా ఆపగల మాత్రలున్నవి. వానిలో పాతది టామాక్సిఫెన్. ఇది 1962లో ఇంగ్లండులో తయారైనది. గర్భము రాకుండుటకు పనికివచ్చునేమోనని చూశారు, అందుకు పనికిరాలేదు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను రొమ్ము కణములను పెంచకుండా అడ్డుపడునని తెలిసి, 1973లో బ్రిటనులో రొమ్ము కాన్సరు చికిత్సకు అనుమతించారు. 1998లో అమెరికాలో, జబ్బు ఇంకా రాకపోయినా వచ్చే అవకాశము హెచ్చుగా ఉన్న స్త్రీలకు సయితము ఇయ్యవచ్చునన్నారు. తల్లికో అక్కచెల్లెండ్రకో ఈ జబ్బు వచ్చినవారు, పరీక్షలో రొమ్ము కణములు తేడాగా కనిపించినవారు ఈ కోవలోనివారు. అందరికీ ఇచ్చే మందు కాదిది.

బ్రిటను మొదలైన దేశములలో 1992 మొదలు 2001 వరకు ఇటువంటి స్త్రీలను 7,154 మందిని చేర్చుకొని ఒక పెద్ద పరిశోధన చేశారు. సగముమందికి రోజుకు 20 మిల్లీగ్రాముల టామాక్సిఫెన్, సగముమందికి అదే రూపుగల ఉత్త మాత్ర అయిదేండ్లు ఇచ్చారు. ఎవరిది ఏదో వారికి తెలియదు. సుమారు పదహారేండ్లు గమనించగా ఉత్త మాత్రవారిలో 350 మందికి, మందు వాడినవారిలో 251 మందికి రొమ్ము కాన్సరు వచ్చినది. లెక్క తేల్చగా 22 మంది అయిదేండ్లు వాడితే, ఇరవై ఏండ్లలో ఒకరికి రావలసిన జబ్బు తప్పును. ఆ ఒకరు ఎవరో దేవునికే తెలియాలి. తక్కిన ఇరవైఒక్కరికి మాత్ర మింగిన శ్రమ తెలియునేగాని ఫలము కంటికి కనపడదు.

ఇంతకన్న ఆలోచింపజేసే సంగతి మరొకటి ఉన్నది. నాలుగున్నరేండ్లదాకా మాత్ర మానకుండా వాడినవారు మందు వర్గములో నూటికి 65 మంది. ఉత్త మాత్ర వర్గములో 74 మంది. అంటే ఏ మందూ లేని మాత్రనుసయితము నూటికి ఇరవైఆరుగురు మానుకున్నారు! మానుకొన్నవారిలో ఎక్కువమంది మొదటి ఏడాది, ఏడాదిన్నరలోపలనే మానుకున్నారు. కనుక తప్పంతా మందుదే అనడానికి వీలులేదు. ఆ వయసులో ముట్లుడుగుతూ ఉంటే వచ్చే వేడి ఆవిర్లు, తలనొప్పి, వికారము మాత్ర వేసుకున్నా వస్తవి, వేసుకోకున్నా వస్తవి. కాని మాత్ర వేసుకొనేవారికి నేరము మాత్రమీదనే కనబడును.

అట్లని ఈ మందు కడిగిన ముత్యమని మేము చెప్పము. వేడి ఆవిర్లను ఇది నిజముగానే పెంచును. అరుదుగా కాళ్ళలోను ఊపిరితిత్తులలోను రక్తము గడ్డకట్టును. ముట్లుడిగినవారిలో గర్భాశయ కాన్సరు అవకాశము కొంత పెరుగును. "ఒక కాన్సరు రాకుండుటకు ఇంకొక కాన్సరు భయమా?" అని అడిగిన స్త్రీని తెలివితక్కువదని ఎవరనగలరు?

మరి వాడేవారు ఎందుకు వాడుతున్నారు? ఇంగ్లండులో ఈ మందు ఇస్తామన్న స్త్రీలలో ఏడుగురికి ఒకరు మాత్రమే తీసుకున్నారు. వారిలో పిల్లలుగల తల్లులు ఎక్కువ. పిల్లల మొగము చూచి చేదు మింగడము మనకు కొత్త కాదు. మన చెన్నపట్టణములో అడయారు కాన్సరు ఆసుపత్రి 1954లో వెలసినదన్నా, అది చెల్లెలిని కాన్సరుకు పోగొట్టుకున్న డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పట్టుదల ఫలమే. ఇంటిలో జరిగిన నష్టము మనిషిని పనికి పురికొల్పును. ఒక్కొక్కప్పుడు అదే నష్టము, "ఆ పేరు నా యెదుట ఎత్తవద్దు" అనికూడ అనిపించును. రోజూ మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా తల్లి చావు గుర్తుకువస్తే ఎన్నాళ్ళు తీసుకోగలరు?

మా విభాగములోని ఒక సోదరి సంగతి వారి అనుమతితోనే చెప్పుచున్నాము. వారికి జబ్బు వచ్చి చికిత్స జరిగినది. మరల రాకుండుటకు ఈ మాత్రలే ఇచ్చారు. రెండవ ఏట ఎవరికీ చెప్పక మానివేశారు. మందుపెట్టె బీరువాలో చీరలకింద దాచారు. కూతురి పెండ్లిలో పీటలమీద కూర్చుంటే ఒళ్ళంతా చెమటలు పట్టినవట. "డాక్టరుగారితో అంటే కోప్పడతారు, ఇంట్లో అంటే బెంగపడతారు. వేసుకున్నావా అని అడిగినవారే గాని, ఎట్లా ఉన్నదమ్మా అని అడిగినవారు లేరు" అన్నారు. మేమిద్దరము తోడు వెళ్ళాము. డాక్టరుగారు కోప్పడలేదు, అంతా విని మందు మార్చారు. ఇప్పుడు వాడుచున్నారు.

సోదరీమణులారా, జబ్బు వచ్చి తగ్గినవారు డాక్టరుకు చెప్పకుండా ఈ మాత్రలు మానరాదు. అది ప్రాణముతో పని. జబ్బు రానివారి సంగతి వేరు. లాభనష్టములు విని వద్దనుకొనే హక్కు వారికున్నది. కాని వద్దనే మాట డాక్టరు యెదుటనే అనండి, చీరలకింద దాచకండి. నేడు వేరే దారులున్నవి. ఇటలీలో, ముందుదశ మార్పులకు శస్త్రచికిత్స అయిన 500 మందితో చేసిన పరిశోధనలో రోజుకు 5 మిల్లీగ్రాములు మూడేండ్లు ఇచ్చినా జబ్బు తిరగబెట్టడము సగమునకు తగ్గినదని 2019లో ప్రకటించారు. ముట్లుడిగినవారికి అనాస్ట్రజోల్ అనే మరొక మాత్రను బ్రిటనులో 2023లో నివారణకు అనుమతించారు. దీనితో కీళ్ళనొప్పులు రావచ్చును, ఎముకలను కనిపెట్టుకొని ఉండవలెను. ఎవరికి ఏది తగునో డాక్టరు చెప్పవలసినదే.

ఇంటివారికి మా మనవి ఒక్కటే. మొదటి ఏడాది కీలకము. ఆ ఏడాది "మాత్ర వేసుకున్నావా?" అని అడగడానికి ముందు "ఒంట్లో ఎట్లా ఉన్నది?" అని అడగండి. వేపపువ్వును బెల్లముతో కలిపి పెట్టిన మన పెద్దలకు, చేదు ఒంటరిగా దిగదని తెలుసును.