ప్రమాణం చేసేది ఎవరు? అడిగేది ఎవరు?
(కాణిపాకంలో యువజనుల అధ్యయన తరగతిలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఊరు సత్యప్రమాణాల ఊరు. కోనేట్లో మునిగి, వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడితే శిక్ష తప్పదని చిత్తూరు జిల్లా అంతా నమ్మకం. దేవుడున్నాడా లేడా అనే వాదన ఈ పూటకు పక్కన పెడదాం. మానవశాస్త్రం అడిగే ప్రశ్నలు వేరు. ఈ తంతు ఎవరు పెట్టిస్తారు? ఎవరు చేస్తారు? దాంతో ఎవరికేం ఒరుగుతుంది?

ఇట్లాంటి నమ్మకం మనకొక్కరికే లేదు. ఆఫ్రికాలో అజాండే అనే ప్రజలు తగాదా వస్తే కోడిపిల్లకు 'బెంగే' అనే విషం పోసి ప్రశ్న అడిగేవాళ్ళు. కోడి చచ్చిందా, బతికిందా అనేదే జవాబు. ఇవాన్స్-ప్రిచర్డ్ 1937లో దీని మీద పుస్తకం రాశాడు. వాళ్ళు తెలివితక్కువోళ్ళు కాదు, వాళ్ళ ఆలోచనకూ ఒక తర్కముంది అని చూపించాడు. అందులోనే ఇంకో సంగతీ ఉంది. ఆడవాళ్ళను ఆ విషం దరిదాపులకు రానిచ్చేవాళ్ళు కాదు. రాజు కోడి చెప్పిందే ఆఖరి తీర్పు. విషం అదే, కోడీ అదే. మరి రాజు కోడికి అంత విలువ ఎక్కడ్నుంచి వచ్చింది?

ఇప్పుడు మన ఊళ్ళకు రండి. పెద్దింట్లో నగ పోతే పాలేరును 'కాణిపాకం వస్తావా?' అంటారు. కూలి ఎగ్గొట్టిన ఆసామిని పాలేరు అదే మాట అడగగలడా? అడిగితే మర్నాడు పనుంటుందా? అయినా మనోళ్ళు ఈ గుడిని నమ్ముతారు. ఇది ప్లీడరు ఫీజు లేని కోర్టు. ఇక్కడ కూలోడి మాటా, ఆసామి మాటా ఒకటే తూకమని వాళ్ళ ఆశ. ఆ ఆశను ఎగతాళి చేయొద్దు. ఆ తూకం ఊళ్ళో ఎందుకు లేదని అడగండి.

ఈ జిల్లాలోనే మాతమ్మ ఆచారం ఉంది. జబ్బు చేసిన ఆడబిడ్డ బతికితే నీకే ఇస్తామని మాదిగవాడల్లో తల్లికి మొక్కుకుంటారు. దేవత పేరిట తాళి కడతారు. ఇక ఆ బిడ్డకు పెళ్ళి లేదు. 1988లోనే మన రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. మొక్కులు అన్ని కులాలకూ ఉన్నాయి. పైకులాల మొక్కు తలనీలాలతో, హుండీతో తీరిపోతుంది. మన మొక్కుకు మాత్రం మనిషే కావాల్సి వచ్చింది. ఎందుకు?

ఇన్నాళ్ళూ మనల్ని వేరేవాళ్ళు చదివారు. మద్రాసు మ్యూజియం అధికారి థర్స్టన్ మనోళ్ళ ముక్కులు, తలలు కొలిచి, 1909లో కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్లో, అంబేద్కర్ కులం పుట్టుక మీద పత్రం చదివాడు. కొలవబడ్డ కులంలోంచి వచ్చిన మనిషి కొలిచే బల్ల దగ్గర కూర్చున్నాడు. 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఆ ముక్కు కొలతలనే తీసుకుని, అంటరానివాళ్ళు వేరే జాతి కాదని తేల్చాడు.

ఆ పని ఇప్పుడు మనది. వచ్చే జాతరలో ఒక నోటుపుస్తకం పట్టుకోండి. పలక కొట్టేదెవరు? దున్నను నరికేదెవరు? మొదటి ప్రసాదం ఎవరికి? ఎవరు ఎంత దూరంలో నిలబడ్డారు? మీ అవ్వల్నడిగి రాసుకోండి. దేవుడి మీద తీర్పు తర్వాత చెబుదాం. ముందు మనుషుల లెక్క తేలాల.

జై భీమ్!