టెక్సాసు నేలను కొలిపించిన డి కోర్డోవా



జాకబ్ డి కోర్డోవా 1808వ సంవత్సరమున జమైకా ద్వీపమందలి స్పానిష్ టౌనులో ఒక యూదు కుటుంబమున జన్మించెను. 1834లో సోదరునితో కలసి కింగ్‌స్టనులో 'గ్లీనర్' పత్రికను స్థాపించి, కొన్ని యేండ్లకు టెక్సాసు చేరెను.

1845 వరకు టెక్సాసు స్వతంత్ర రాజ్యము. ఖజానా వట్టిది, భూమి మాత్రము అపారము. కనుక ప్రభుత్వము సైనికులకును ఋణదాతలకును రొక్కమునకు బదులు భూమిపత్రముల నిచ్చెను. పత్రము చేత నున్నంత మాత్రమున పొలము దక్కదు. ఖాళీ భూమిని వెదకవలెను, గొలుసుతో కొలిపింపవలెను, ఆ కొలతలను భూమి కచ్చేరీలో దాఖలు చేయవలెను. కరణముల గొలుసు నెరిగిన పెద్దలకు ఈ శ్రమ వేరుగ చెప్ప నక్కరలేదు. అట్టి పత్రములను కొనుచు, కొలిపించుచు, అమ్ముచు డి కోర్డోవా లక్షలాది యెకరముల వ్యవహారము నడపెను. 1849లో ఆయన ప్రకటించిన టెక్సాసు పటమునకు ఆ కచ్చేరీ దస్త్రములే ఆధారము. వానినుండి దానిని కూర్చినవాడు రాబర్ట్ క్రూజ్‌బౌర్.

ఆ యేటనే బ్రాజోస్ నదీతీరమున ఆయన సర్వేయరు జార్జి ఈరాత్ ఒక పట్టణమునకు హద్దులు గీచెను. అది పూర్వము వేకో యను ఆదిమజాతి గ్రామముండిన చోటు. యజమానులు లామార్టిన్ అని పేరిడ దలచిరి. ఈరాత్ నచ్చజెప్పి వేకో యను పేరే నిలిపెను. పేరు నిలిచినది గాని మనుష్యులు నిలువలేదు. 1859లో ఆ జాతివారిని టెక్సాసునుండియే ఉత్తరమునకు తరలించిరి. కచ్చేరీ పటమున ఖాళీ యని కన్పట్టిన నేల యెల్ల నిర్జనము కాదు గదా!

బ్రాజోస్ నీటిబలముతో నూలుమిల్లులు నడపవలెనని పూనుకొని, ఆ పని నెరవేరకయే డి కోర్డోవా 1868లో మరణించెను. 1935లో ఆయన అస్థులను భార్య యస్థులతో కూడ ఆస్టిన్ నగరమందలి రాష్ట్ర శ్మశానమునకు చేర్చిరి.