స్పర్శ లేని మచ్చ – మన సంఘముల బాధ్యత

(పాస్టరేటు వార్షిక కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో మన పెద్దలు కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను తలచుకొని సంతోషించుచున్నాము. అది తగినదే. అయితే ఈ పూట మేము ఒక చిన్న మచ్చను గూర్చి మాట్లాడదలచితిమి. అది దురద పెట్టదు, నొప్పి పుట్టించదు. అందుకే ఎవరును లెక్కచేయరు. కాని అది కుష్ఠువ్యాధికి మొదటి గురుతు కావచ్చును.

ముందుగా మా తప్పు ఒప్పుకొందుము. కొన్ని ఏండ్ల క్రిందట, మేము సేవ చేసిన ఒక గ్రామములో ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. కుమారుడు టీ హోటలులో పనిచేయువాడు. "అయ్యగారూ, వీడి ముంజేతి మీద మచ్చ చూడండి. వేడి గిన్నె తగిలి చర్మం కాలినా తెలియలేదంట. పెండ్లి కుదిరింది, ఎవరికీ చెప్పకండి" అని బ్రతిమాలెను. మేము ప్రార్థన చేసితిమి. మందుల దుకాణమునుండి ఒక పూతమందు తెప్పించి యిచ్చితిమి. రహస్యమును కాపాడితిమి. వేదాంత కళాశాలలో లేవీయకాండము 13వ అధ్యాయమును పరీక్షకు చదివినవారమే. ఎదుట నిలిచిన మచ్చను మాత్రము చదువలేకపోతిమి.

ఎనిమిది నెలలకు ఆ పిల్లవాని చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు వంగిపోయెను. అప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోతిమి. అది మా గుడికి మూడు కిలోమీటర్లు! మందు వ్యాధిని మాన్పెను గాని వంగిన వ్రేళ్లను చాపలేకపోయెను. నరము బలహీనపడిన ఆరు నెలల లోపల వైద్యము అందినయెడల బలము తిరిగి వచ్చుటకు మంచి అవకాశము కలదట. మేము పోగొట్టినవి ఆ నెలలే.

మన ముందటి తరమువారికి ఇంత సులువు లేదు. 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్‌గారు కుష్ఠు ఆసుపత్రి స్థాపించిరి. రాజా నర్సాగౌడ్ గారను హిందూ దాత అందుకు ఉదారముగా ధనమిచ్చెను. ఆ రోజులలో చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా ఎక్కించెడివారు. రోగులు ఇల్లు విడిచి దూరమునుండి వచ్చి అక్కడనే ఉండెడివారు. నేడు ఇల్లు విడువనక్కరలేదు. మందు మన మండలములోనే ఉన్నది, ఉచితముగానే ఉన్నది.

ఈ వ్యాధి శాపము కాదు, పాపఫలము కాదు, వంశపారంపర్యము కాదు. 1873లో నార్వే దేశపు డాక్టరు హాన్సెన్ దీని క్రిమిని కనుగొనెను. ఆ క్రిమి చర్మమును, నరములను పట్టుకొనును. అది బయటపడుటకు ఏండ్లు పట్టవచ్చును. చాలమందికి దానిని తట్టుకొను శక్తి స్వభావముగానే కలదు.

ప్రతి మచ్చయు కుష్ఠు కాదు. తామర దురద పెట్టును. బొల్లి మచ్చలో స్పర్శ చెడదు. పాలిపోయినట్లో ఎఱ్ఱగానో ఉండి, స్పర్శ తగ్గిన మచ్చను అనుమానింపవలెను. ఆరోగ్య కేంద్రములో రోగిని కన్నులు మూసికొనుమని చెప్పి, దూదిపింజతోనో బాల్‌పెన్ను మొనతోనో తాకి చూతురు. చేతులు కాళ్లు తిమ్మిరెక్కుట, చెప్పు జారిపోయినా తెలియకపోవుట, చెవి తమ్మె మందమగుట కూడ గురుతులే.

మందు వ్యాధి రకమును బట్టి 6 లేక 12 నెలలు. మందు మొదలుపెట్టిన కొద్ది కాలములోనే వ్యాధి ఇతరులకు అంటుట ఆగిపోవును. కాని భయపడి మధ్యలో మానువారున్నారు. రిఫాంపిసిన్ వేసికొన్ననాడు మూత్రము ఎఱ్ఱబడును. క్లోఫాజిమైన్ వలన ఒళ్లు నల్లబడును. రెండును తరువాత పోవును. అయితే మచ్చలు హఠాత్తుగా వాచి ఎఱ్ఱబడినను, నరము నొప్పి పెట్టినను, ఆనాడే తిరిగి వెళ్లవలెను.

2005 డిసెంబరునాటికి దేశములో పదివేలమందికి ఒకరికంటె తక్కువ రోగులున్నందున, ఇక ఇది ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించిరి. కొందరు వ్యాధియే పోయినదనుకొనిరి. పోలేదు, నేటికిని యేటేట ఇంచుమించు లక్షమందిలో క్రొత్తగా కనబడుచున్నది. రోగులను వేరుచేయుటకు 1898లో చేసిన చట్టము 2016లో రద్దయ్యెను. 2019లో విడాకుల కారణములలోనుండి కుష్ఠును తొలగించిరి. చట్టము మారినది, మన నోట "పెద్దరోగము" అను మాట యింకను పోలేదు.

లేవీయకాండములో యాజకుడు మచ్చను చూచి మనిషిని పాళెము వెలుపలికి పంపెను. మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు మొదట తాకెను, తరువాతనే యాజకునియొద్దకు పంపెను. మనమును ఆ వరుసనే అనుసరింతము.

కాబట్టి మా మనవి మూడు మాటలు. గురువులారా, ప్రార్థన చేయుడి. చేసిన వెంటనే ఆరోగ్య కేంద్రమునకు మీరే వెంట వెళ్లుడి. తల్లులారా, పెండ్లికని మచ్చను దాచకుడి. మైత్రి సహోదరీలారా, మీ వీధి ఆశా కార్యకర్తతో కలిసి, రోగి యింటివారిని కూడ పరీక్షకు రప్పించుడి.

ఆ పిల్లవాడు నేడు ఇద్దరు బిడ్డల తండ్రి. సంస్కారము అందుకొనుటకు అతడు చేయి చాపినప్పుడెల్ల, చాపలేని ఆ రెండు వ్రేళ్లు మాకు కనబడుచున్నవి. మీలో ఎవరికిని ఆ చూపు కలుగకుండును గాక.