ఉల్లాకు మీద ఉన్నది తుప్పేనా?



మన పల్నాడులో మిరప గురించో, పత్తి గురించో అడిగితే ఏ అక్కయినా గంటసేపు చెబుతుంది. ఉల్లి, వెల్లుల్లి దగ్గరకొచ్చేసరికి ఆకు ఎర్రబడినా, మచ్చపడినా, కొన ఎండినా అందరం ఒకటే మాట అంటున్నాం: “తుప్పు పట్టింది”. ఆ మాట పట్టుకుని కొట్టుకెళితే ఆయన చేతికిచ్చిందే మందు. ఆ డబ్బు సంఘంలో తీసుకున్న అప్పుదైతే, తెగులు పోయినా పోకపోయినా కిస్తీ ఆగదు కదా. అందుకే ఈ ముక్క చెబుతున్నాం.

అసలు తుప్పు తెగులు పక్సీనియా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ముందు ఆకు మీద చిన్న చిన్న పాలిపోయిన చుక్కలు పడతాయి. తర్వాత ఆకు పొర పగిలి నారింజరంగు పొడి బయటికొస్తుంది. వేలితో రుద్దితే కుంకుమలా అంటుకుంటుంది. వేరుశనగ ఆకు అడుగున మనం చూసే తుప్పు దీనికి చుట్టమే గాని, అది ఉల్లికి రాదు, ఇది వేరుశనగకు పోదు. ఈ పొడి గాలికి ఎగిరి పక్క మడికి పాకుతుంది. దీనికి చల్లదనం, ఆకు మీద తడి కావాలి. వెల్లుల్లి మీద దీని దెబ్బ ఎక్కువ. 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వెల్లుల్లి రైతులు దీనివల్ల బాగా నష్టపోయారు.

మన ఎండలకు ముందుగా అనుమానించాల్సింది వేరే ఉంది, ఊదారంగు మచ్చ తెగులు. మొదట తెల్లటి చిన్న మచ్చ, లోపలికి నొక్కినట్టు ఉంటుంది. అది పెరిగేకొద్దీ నడుమ ఊదారంగు తిరిగి, చుట్టూ పసుపు అంచు కడుతుంది. ఆకు అక్కడికక్కడే విరిగి వాలిపోతుంది. రుద్దితే కుంకుమ పొడి రాదు. వెచ్చదనం, తడి కలిస్తే ఇది జోరుగా పెరుగుతుంది. తామరపురుగు గీకిన ఆకు దీనికి ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. తామరపురుగు సంగతి మనకు కొత్తగా చెప్పాలా! 2021లో మిరప పూతకు అది పట్టినప్పుడు డబ్బాల మీద డబ్బాలు కొట్టి కూడా తోటలు పోయినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

పురుగు మందుకు శిలీంధ్రం చావదు, శిలీంధ్రపు మందుకు పురుగు చావదు. ఊదారంగు మచ్చకు మామూలుగా చెప్పే మందు మాంకోజెబ్, లీటరు నీటికి 2.5 గ్రాములు. ఉల్లాకు నున్నగా ఉంటుంది గనుక నీళ్లు జారిపోతాయి, జిగురు మందు కలపాల్సిందే. రెండు తెగుళ్లకూ పనికొచ్చే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి: మడిలో నీళ్లు నిలవనీయొద్దు, నారు మరీ ఒత్తుగా నాటొద్దు, యూరియా ఎక్కువ వేయొద్దు, ఉల్లి కోసిన మడిలో వెంటనే మళ్లీ ఉల్లి వేయొద్దు. కలుపు తీసేది మనమే గనుక తొలి మచ్చ మన కంటే పడుతుంది.

మచ్చ కనిపిస్తే కొట్టుకన్నా ముందు రైతు సేవా కేంద్రానికి వెళ్లండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు. ఆకు తీసుకెళ్లేటప్పుడు ప్లాస్టిక్ కవరులో వేయొద్దు, చెమ్మపట్టి కుళ్లిపోతుంది. పాత పేపరులో చుట్టి, అదేరోజు చూపించండి.