ఐటీ నుంచి సొలిసిటర్: ఏ దారి పట్టాలి?

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఐటీ జాబ్ చేస్తూ "లా వైపు వెళ్తే ఎలా ఉంటుంది?" అని ఆలోచిస్తున్న మనవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. బీటెక్ చేసి సొలిసిటర్ అవ్వొచ్చా? అవ్వొచ్చు. అయితే ఏ దారిలో?

ఇంగ్లండ్‌లో పెద్ద కోర్టుల్లో వాదించేది ఎక్కువగా బారిస్టర్. క్లయింట్‌తో కూర్చుని కాంట్రాక్టులు, ఇళ్ల కొనుగోళ్లు, వీలునామాలు, కేసు కాగితాలు చూసేది సొలిసిటర్. ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్, వేల్స్ రూల్స్. స్కాట్లాండ్‌ది వేరే లెక్క.

పాత వీడియోల్లో ఎల్‌పీసీ, ట్రైనింగ్ కాంట్రాక్ట్ అని చెప్తారు. 2021 సెప్టెంబర్‌కి ముందే ఆ లైన్‌లోకి వచ్చినవాళ్లకే ఎల్‌పీసీ, అదీ 2032 చివరి దాకా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఎస్‌క్యూఈ. దీనికి నాలుగు కావాలి: ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత, ఎస్‌క్యూఈ 1, 2 పరీక్షలు, రెండేళ్ల పని అనుభవం, మన నడవడిక మీద చెక్.

అందరూ పరీక్ష గురించే అడుగుతారు. మొదటి భాగంలో రెండు పేపర్లు, ఒక్కోదాంట్లో 180 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు. రెండోది రాయడం, మాట్లాడటం లాంటి ప్రాక్టికల్ పని. ఒక్కోదానికి మూడు ఛాన్సులు, అన్నీ ఆరేళ్లలోపే అయిపోవాలి. పరీక్ష ఫీజులే దాదాపు 5 వేల పౌండ్లు. కోచింగ్ ఖర్చు వేరే. కోచింగ్ తప్పనిసరి మాత్రం కాదు.

కానీ నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఆ రెండేళ్ల పని. చాలామంది కోచింగ్‌కి డబ్బు కట్టేశాక దీని గురించి ఆలోచిస్తారు. పరీక్ష పాసైనా ఆ పని లేకపోతే సొలిసిటర్ అవ్వరు.

దీంట్లో వెసులుబాటు బాగానే ఉంది. నాలుగు సంస్థల దాకా చేసిన పని కలుపుకోవచ్చు. పారాలీగల్ జాబ్, లా క్లినిక్‌లో వాలంటరీ పని కూడా లెక్కకొస్తాయి. పార్ట్‌టైమ్ అయితే ఎక్కువ కాలం పడుతుంది. పరీక్షకి ముందు చేసినా, తర్వాత చేసినా ఓకే. అయితే అది నిజంగా లీగల్ పని అయ్యుండాలి, దాన్ని సాధారణంగా సొలిసిటర్ ఎవరో ఒకరు కన్ఫర్మ్ చేయాలి. కాబట్టి చేరేముందే అడగండి: "ఇది లెక్కకొస్తుందా? ఎవరు సంతకం పెడతారు?"

ఇప్పుడు దారులు చూద్దాం.

ఒకటి, ట్రైనింగ్ కాంట్రాక్ట్. పెద్ద ఫర్మ్‌లు ఇప్పటికీ ఇస్తున్నాయి. చాలాచోట్ల కోర్సు ఖర్చు కూడా వాళ్లదే. పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది.

రెండు, పారాలీగల్‌గా చేరి సొంత ఖర్చుతో ఎస్‌క్యూఈ రాయడం. ఐటీ జీతంతో పోలిస్తే ఆదాయం బాగా తగ్గొచ్చు. ఈఎంఐలు ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని ముందే లెక్క వేసుకోవాలి. వీసా మీద ఉంటే ఇంకో మెలిక: మీ స్కిల్డ్ వర్కర్ వీసా ఇప్పుడున్న జాబ్‌కి ముడిపడి ఉంటుంది. ఫర్మ్ స్పాన్సర్ చేస్తుందో లేదో కనుక్కున్నాకే రిజైన్ మాట.

మూడు, అప్రెంటిస్‌షిప్. ఫీజు ఉండదు, జీతం వస్తుంది. కానీ 2026 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో ఈ లెవెల్‌కి ప్రభుత్వ ఫండింగ్ కొత్తగా చేరేవాళ్లలో ప్రధానంగా 21 ఏళ్లలోపు వాళ్లకే. మన వయసులో కష్టమే.

నాలుగు, ఇండియా నుంచి. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, ఇక్కడ అడ్వకేట్‌గా క్వాలిఫై అయితే, ఎస్‌క్యూఈకి ఆ రెండేళ్ల పని చూపించక్కర్లేదు. చూడ్డానికి షార్ట్‌కట్‌లా ఉంటుంది, కానీ ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్‌గానే చేయాలి. ఎన్‌రోల్ అయ్యాక ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీస్ చేయడం కుదరదు. ఇండియాలో కూడా లా చేయాలనుకునేవాళ్లకే ఇది సెట్ అవుతుంది.

అందుకే జాబ్ మానేసే ముందు ఒక్క పని చేయండి. కొన్ని నెలలు వీకెండ్ లా క్లినిక్‌లో వాలంటీర్‌గా చేయండి. ఆ పని మీకు నచ్చుతుందో లేదో తెలుస్తుంది, సరిగ్గా రికార్డ్ చేసుకుంటే ఆ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. నచ్చకపోతే పోయింది కొన్ని వీకెండ్సే కదా!

మీరు ఏ దారి అనుకుంటున్నారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను మరి.