మూగజీవాల దగ్గర పిల్లలు నేర్చుకునే పాఠాలు



ఒక సంగతి చెప్తాను. ఒక రోజు పన్నెండేళ్ల బాబు తన చెల్లెల్ని సైకిలు మీద మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు. కుక్క పిక్క మీద కరిచింది. అమ్మ కొడుతుందని ఆ పాప చెప్పకుండా దాచబోయింది. అన్న చూసి, బోరింగు దగ్గర కూర్చోబెట్టి, సబ్బు రాసి పావుగంట సేపు కడిగాడు. పక్కింటి పెద్దమ్మ కారం అద్దమంటే వద్దన్నాడట. "ఎవరు నేర్పారు నాన్నా?" అని అడిగాను. "సెలవుల్లో పశువుల ఆసుపత్రికి పోతా సిస్టర్‌గారూ, డాక్టరుగారు చెప్పారు" అన్నాడు.

ఆ పాప క్షేమంగా ఉంది. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అందుకే కరిచిన వెంటనే చేసే పనే ప్రాణం నిలుపుతుంది.

పశువుల ఆసుపత్రిలో పిల్లలు ఇంకా ఏమి నేర్చుకుంటారు?

మొదటిది, గమనించడం. ఆవు తన బాధ చెప్పలేదు. నెమరు వేస్తుందా, ముట్టె తడిగా ఉందా, చెవులు వాల్చిందా అని మనమే చూడాలి. ఇలా చూడటం అలవాటైన పిల్లవాడు ఇంట్లో నాయనమ్మ నీరసాన్ని కూడా ముందే కనిపెడతాడు.

రెండవది, ముందు జాగ్రత్త. దూడకు నట్టల మందు, గేదెకు గాలికుంటు టీకా, కుక్కపిల్లకు మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటేటా. జబ్బు రాకముందే మందు ఎందుకో పిల్లలకు అక్కడ అర్థమవుతుంది.

మూడవది, శుభ్రత. ఈసుకుపోయిన పశువు మాయను, పిండాన్ని వట్టి చేతులతో ముట్టుకుంటే బ్రూసెల్లోసిస్ అనే జ్వరం మనకూ రావచ్చు. పచ్చిపాలు తాగినా రావచ్చు. పాలు పొంగేదాకా కాచే తాగాలి.

అయితే పెద్దలు ఒక హద్దు పెట్టాలి. నీళ్లు పోయడం, మేత అందించడం, చీటీ రాయడం పిల్లల పని. సూదులు, ఈత పనులు, జబ్బుపడిన కుక్కలు వాళ్ల పని కాదు. పశువు వెనుక నిలబడనీయకండి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి.

కుక్క కరిస్తే ఇవి మరువకండి: పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. బొడ్డు చుట్టూ పొడుస్తారని భయపడవద్దు, ఆ పాత పద్ధతి 2005 నాటికే పోయింది. ఇప్పుడు చర్మంలో వేసే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో చేతికి వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ మరో మందు కూడా వేయాలి. మధ్యలో మానకండి.

చివరిగా తల్లులకు ఒక మాట. దెబ్బ తగిలిందని బిడ్డ చెప్పినప్పుడు కొట్టకండి. ఆ భయమే గాయాన్ని దాచిస్తుంది. మూగజీవి బాధ తెలుసుకోవడం పిల్లలు నేర్చుకుంటుంటే, నోరున్న మన బిడ్డ మాట మనం వినవద్దా?

దేవుడు మీ ఇంటిని, మీ పశువుల కొట్టాన్ని దీవించును గాక.