వకాల్తుపై సంతకము చేయుటకు ముందు

(మార్కాపురం, గిద్దలూరు ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మేము ప్రచార శాఖవారము. మేము వచ్చితిమనగానే విత్తనములను గూర్చియో, పారిశుద్ధ్యమును గూర్చియో, పొదుపును గూర్చియో చెప్పుదుమని మీరు తలంచియుందురు. ఈనాడు వానిని ప్రక్కకు పెట్టి, గ్రామములో ప్రతి కుటుంబమునకును ఎప్పుడో ఒకప్పుడు అవసరపడునదియు, అవసరము పైబడు వరకు ఎవరును తెలిసికొనగోరనిదియు అగు విషయమొకటి మీతో ముచ్చటింపదలచితిమి. అది ప్లీడరును ఎంచుకొనుట, ఎంచుకొనిన పిమ్మట ఆయనతో కలసి పనిచేయుట.

ఆ మధ్య నల్లమల అంచుననున్న ఒక గ్రామమునకు సభ నిమిత్తమై పోయితిమి. సభ ముగిసి జీపెక్కబోవుచుండగా అరువదియేండ్ల రైతు ఒకరు చేతిసంచి పట్టుకొని మా యొద్దకు వచ్చిరి. “అయ్యా, ఈ కాయితం యేందో సూసి చెప్పండి” అని ఒక కాగితమును మా చేతిలో పెట్టిరి. అది కోర్టు డిక్రీ నకలు. ప్రక్క పొలమువారు వేసిన దావాలో, ప్రతివాది హాజరు కాలేదు గనుక, ఎక్స్‌పార్టీగా ఆయన రెండెకరముల మీద తీర్పు అయిపోయినది. ఆయన నిర్ఘాంతపోయిరి. “నేను ప్లీడరుకు పైకం కట్టినా గదా?” అనిరి. ఏ ప్లీడరుకని అడిగితిమి. పేరు తెలియదు. మొగము చూడలేదు. సమన్లు వచ్చిన నాడు ఆ కాగితమును, పదివేల రూపాయలను కోర్టు పనులు తెలిసినవాడని ఊరిలో పేరుపడిన ఒక మనుష్యునికి ఇచ్చిరట. “నేను చూసుకుంటాలే, నువ్వు పైరు చూసుకో” అని అతడు చెప్పెనట. ఎనిమిది నెలలు ఆయన పైరు చూసుకొనిరి. కోర్టులో మాత్రము ఆయన పక్షమున వకాల్తే పడలేదు.

ఆ మనుష్యుని యొద్దకు పొమ్మని మొదట చెప్పినదెవరని మేము అడిగితిమి. ఆ గ్రామపు వార్డు సభ్యుడే. ఆ సభ్యుడు చెడ్డవాడు కాడు, ఒక్క పైసా పుచ్చుకొనలేదు. తనకు తెలిసినది చెప్పినాడు, అంతే. ఈ మాట మీకు కష్టముగా తోచవచ్చును, కాని చెప్పక తప్పదు. గ్రామములో కోర్టు కాగితము వచ్చినవాడు మొదట తట్టునది మీ తలుపే. మీరు చూపు దిక్కును బట్టియే వాని పొలము నిలుచుటయో పోవుటయో జరుగుచున్నది.

కావున మొదట కాలమును గూర్చి చెప్పుదుము. సివిలు దావాలో సమన్లు అందిన 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. తగిన కారణము చూపినచో కోర్టువారు 90 దినముల వరకు గడువీయవచ్చును. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయుమని కోరుటకు డిక్రీ తేదీ నుండి 30 దినములే గడువు. సమన్లు సక్రమముగా అందనివారికి మాత్రము ఆ సంగతి తెలిసిన నాటి నుండి లెక్క. జిల్లా కోర్టులో అప్పీలుకు 30 దినములు, హైకోర్టులో అప్పీలుకు 90 దినములు. ప్రామిసరీ నోటు బాకీకి మూడు సంవత్సరములు దాటిన పిదప దావా వేసి ప్రయోజనము లేదు. కాగితము చూరులో దోపి, పంట చేతికి వచ్చిన పిమ్మట చూతములే అనువాడు సగము వ్యాజ్యమును ఇంటి వద్దనే ఓడిపోవుచున్నాడు.

ఇక ఎవరి యొద్దకు పోవలెను? పేరుమోసిన పెద్ద ప్లీడరుగారే కావలెననెడి భ్రమ మన ప్రాంతమున ఎక్కువ. ఒంగోలు నుండియో గుంటూరు నుండియో పెద్దవారిని పెట్టుకొంటిమని చెప్పుకొనుట కొందరికి గౌరవము. మార్కాపురములోను గిద్దలూరులోను కోర్టులున్నవి, వానిలో దినదినము పనిచేయు ప్లీడర్లున్నారు. గట్టు తగాదాకు గట్టును చూడగల దూరములోనున్న ప్లీడరే మేలని మా అభిప్రాయము. అయితే భూమి వ్యాజ్యములలో ఆరితేరినవారు వేరు, క్రిమినలు కేసులలో ఆరితేరినవారు వేరు. మీది ఏ విధమైన కేసో చెప్పి, “ఇటువంటివి తమరు నడిపియున్నారా?” అని అడుగుటకు సంకోచింప పనిలేదు. నిజమైన ప్లీడరు ఆ ప్రశ్నకు కోపగించుకొనడు. మరియొక సులభమైన మార్గము కలదు. కోర్టు హాలు బహిరంగ స్థలము. ఒక పూట వెనుక బల్లపై కూర్చుండి చూడుడు. ఎవరు ఫైలు చదివికొని వచ్చుచున్నారో, ఎవరు ఊరక వాయిదా అడిగి పోవుచున్నారో చదువురానివారికిని తెలియును. పలక కొనబోయినపుడు పగులు ఉన్నదేమో వ్రేలితో తట్టి చూచుట మార్కాపురమువారికి మేము నేర్పవలెనా?

1961 న్యాయవాదుల చట్టము ప్రకారము రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు ఎక్కినవారే న్యాయవాదులు. వారికి ఎన్‌రోల్‌మెంటు సంఖ్య ఉండును. తాము గొప్పవారమని ప్రకటనలు చేసికొనుట వారికి నిషిద్ధము. కావున ఊరూర తిరిగి కేసులు పోగుచేయు మనుష్యుని గురించి మీరే ఆలోచింపుడు. అటువంటి దళారులను జాబితాకెక్కించి కోర్టు ఆవరణలోనికి రానీయకుండ చేయు అధికారమును 2023లో ఆ చట్టమునకు తెచ్చిన సవరణ హైకోర్టుకును జిల్లా జడ్జీలకును ఇచ్చినది. ప్లీడరుగారి గుమాస్తా వేరు, దళారి వేరు. గుమాస్తా ఆఫీసులో కూర్చుండి పనిచేయును, దళారి టీ కొట్టు వద్ద కనబడును.

ప్లీడరు వద్దకు పోవునపుడు కాగితములన్నియు తీసికొని పొండు. దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు, 1-బి నకళ్లు, ఈ.సి., అన్నదమ్ముల పంపకపు కాగితము, శిస్తు రసీదులు, వచ్చిన నోటీసు కవరుతో సహా. ఏది పనికివచ్చునో ఏది పనికిరాదో తేల్చుట ఆయన పని. మన ప్రాంతమున ఒక విశేషము కలదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడు వరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చినది 1972లో. కాబట్టి తాతలనాటి దస్తావేజులపై కర్నూలు జిల్లా అని యుండును. ఇది మన జిల్లాది కాదు గదా అని పారవేసినవారిని మేమెరుగుదుము. అవియే మూలాధారములు. వానిని భద్రపరచి, అసలు మన యొద్ద ఉంచుకొని మొదట నకళ్లు ఇయ్యవలెను. కోర్టులో దాఖలు చేయుటకు అసలు ఇయ్యవలసి వచ్చినపుడు ఏ కాగితము ఏ తేదీన ఇచ్చితిమో వ్రాసి సంతకము తీసికొనుట అవమానము కాదు, ఇరువురికిని క్షేమము.

కాగితములకన్న ముఖ్యమైనది నిజము. పదేండ్ల క్రిందట తెల్లకాగితముపై అర ఎకరము అమ్మియుందురు, ఆ సంగతి ప్లీడరుకు చెప్పరు. ఎదుటి ప్లీడరు ఆ కాగితమును బోనులో చూపించునపుడు మన ప్లీడరు మొగము చూడవలెను! కక్షిదారుడు వృత్తిరీత్యా తనకు చెప్పిన రహస్యమును న్యాయవాది వెల్లడింపరాదని చట్టము నిర్బంధించుచున్నది. పాత సాక్ష్య చట్టములోనున్న ఈ రక్షణ, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములోను కలదు. నేరము చేయుటకై అడిగిన సలహాకు మాత్రము ఈ రక్షణ లేదు. అన్నదమ్ములు పంపకమునకై ఒకే ప్లీడరు వద్దకు పోవుట మాటలు కలసినంతవరకు బాగుగనే యుండును. మాట తప్పిన నాడు ఎవరి ప్లీడరు వారికుండవలెను. ఒకరి రహస్యములు తెలిసినవాడు రెండవవాని పక్షమున నిలువరాదు గదా.

ఫీజు మాట మొదటి దినముననే తేల్చుకొనుడు. ప్లీడరు ఫీజు ఎంత, కోర్టు ఫీజు ఎంత, నకళ్లకు, కమిషనరుకు అగు ఖర్చు ఎంత, ఏది ఎప్పుడు ఇయ్యవలెను అని విడివిడిగా అడిగి, ఇచ్చినదానికి రసీదు తీసికొనవలెను. కక్షిదారుల సొమ్ముకు లెక్క ఉంచుట న్యాయవాది విధి అని బార్ కౌన్సిల్ నియమములు చెప్పుచున్నవి.

ఇచ్చట ఒక విషయము నొక్కి చెప్పవలసియున్నది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు క్రింద భూములు, ఇండ్లు కోల్పోయిన కుటుంబములు మన ప్రాంతమున ఎన్నో కలవు. పరిహారము పెంచి ఇప్పింతును, ఇప్పుడు పైసా ఇయ్యనక్కరలేదు, వచ్చినదానిలో నూటికి ఇంత అని ఎవరైన అనినచో, అది వినుటకు తీయగా నుండును. వ్యాజ్యఫలితములో వాటాకు ఒప్పుకొనుట మన దేశమున న్యాయవాదికి నిషిద్ధము. ఆ షరతు నోట పలుకువాడు దళారియైన కావలెను, నియమము తప్పిన న్యాయవాదియైన కావలెను. ఇక చట్టము చెప్పునది వినుడు. 2013 భూసేకరణ చట్టము ప్రకారము పరిహారము చాలదని తోచినవారు కలెక్టరుకు వ్రాతమూలకముగా దరఖాస్తు పెట్టుకొనవలెను. అవార్డు సమయమున హాజరైయున్నవారికి దీనికి గడువు ఆరు వారములే. సొమ్ము పుచ్చుకొనునపుడు ఆక్షేపణతో పుచ్చుకొనుచున్నామని వ్రాయక తీసికొన్నవారికి ఆ దరఖాస్తు హక్కే పోవును. ఈ రెండు వాక్యములు తెలియక నష్టపోయినవానికి ఎంత పెద్ద బారిస్టరును పెట్టినను ఏమి చేయగలడు? మీ గ్రామమున భూసేకరణ నోటీసు పడిన నాడు దండోరా వేయించవలసిన సంగతులివి.

వకాల్తునామా అనగా నా పక్షమున మాటాడుటకు నీకు అధికారమిచ్చితినని వ్రాసి యిచ్చు పత్రము. దానిపై కోర్టు పేరు, పక్షముల పేర్లు నింపిన పిమ్మటనే సంతకమో వ్రేలిముద్రయో వేయవలెను. ఉత్త తెల్లకాగితములపై ఎవరడిగినను వేయరాదు. వకాల్తు ఇచ్చినంత మాత్రమున మన హక్కును వదలుకొను అధికారము ఇచ్చినట్లు కాదు. కక్షిదారుని స్పష్టమైన అనుమతి లేక న్యాయవాది అతని హక్కును వదలుకొనరాదని సుప్రీంకోర్టు 2015లో చెప్పినది.

కేసు నడచుచున్నదో లేదో తెలిసికొనుటకు ఇప్పుడు ఎవరి కాళ్లును పట్టుకొననక్కరలేదు. ప్రతి కేసునకు సి.ఎన్.ఆర్. సంఖ్య అని పదునారు అక్షరములు, అంకెలు గల గుర్తు ఉండును. దానిని ప్లీడరునడిగి వ్రాసి యుంచుకొన్నచో, ఈ-కోర్టుల సేవల యాప్‌లో వాయిదా తేదీ, గత వాయిదాలో జరిగినది కనబడును. ఊరిలో ఇంటరు చదువు పిల్లవాడు ఎవడైనను చూచి చెప్పగలడు. ఆ రైతు సంచిలో ఈ ఒక్క సంఖ్య యున్నచో, ఎనిమిది నెలలు ఆయన చీకటిలో ఉండెడివారు కారు.

ప్లీడరుతో పొసగనిచో మార్చుకొనవచ్చును. పాత వకాల్తు రద్దుకు కోర్టు అనుమతి, కొత్త వకాల్తు కావలెను. ఇయ్యవలసిన ఫీజు బాకీ వేరుగా తేల్చుకొనవలసినదే కాని, దానికొరకు కేసు కాగితములను బిగపట్టుకొను హక్కు న్యాయవాదికి లేదని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మోసమో దుష్ప్రవర్తనయో జరిగినచో రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవలెను. వినియోగదారుల కమిషనుకు పోయి ప్రయోజనము లేదు. న్యాయవాదుల సేవ ఆ చట్టము క్రిందికి రాదని 2024 మే నెలలో తీర్పు వచ్చినది. కాని ఓడిపోయినంత మాత్రమున ప్లీడరు మోసగించెననరాదు. పైరు ఎండినంత మాత్రమున సేద్యగాడు దొంగయగునా?

డబ్బు లేనివారి మాట. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులోనున్నది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు, నిర్బంధములోనున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్లీడరును ఉచితముగా ఇత్తురు. నల్లమల చెంచు సోదరులు వీరిలోనివారే. వరద, అనావృష్టి వంటి విపత్తులకు గురియైనవారికిని ఈ చట్టములో చోటున్నది. అనావృష్టి అనగా ఏమో మన మండలములవారికి వివరింప పనిలేదు. ఆదాయము తక్కువగానున్న ఇతరులును అర్హులే. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో దరఖాస్తు ఇయ్యవచ్చును. 15100 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అట్లు ఇచ్చిన ప్లీడరు కక్షిదారుని యొద్ద సొమ్ము తీసికొనరాదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరినచో కట్టిన కోర్టు ఫీజు తిరిగివచ్చును. అయితే ఆ అవార్డుపై అప్పీలు లేదు. చదివించుకొని, అర్థము చేసికొని, అటుపిమ్మటనే సంతకము చేయవలెను.

ఇక ఆ రైతు సంగతి. మరునాడు ఆ వార్డు సభ్యుడే ఆయనను వెంటబెట్టుకొని కోర్టుకు తీసికొనిపోయినాడు. న్యాయసేవా కమిటీ ఒక యువ న్యాయవాదిని నియమించినది. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దుకు ఒక పిటిషను, ఆలస్యమును మన్నింపుమని మరియొక పిటిషను దాఖలైనవి. ఎదుటివారు ఆక్షేపించుచున్నారు. సమన్లు అందిన మాట నిజమే గనుక పని సులభము కాదని ఆ న్యాయవాది మొదటి దినముననే ఆయనకు దాచక చెప్పిరట. ఇటీవల మేము ఆ దారిన పోవుచు వారి ఇంట ఆగితిమి. సి.ఎన్.ఆర్. సంఖ్య గోడపై బొగ్గుతో వ్రాసియున్నది. దాని ప్రక్కన వ్రేలాడు క్యాలెండరులో వాయిదా తేదీకి ఎఱ్ఱసిరాతో గుండ్రము చుట్టియున్నది.